పగ రగిలిన ఊరే ఆశ్రయపురమైంది!

2008 డిసెంబరు 10న వరంగల్‌లో కాలేజీ నుంచి ఇంటికి తిరిగి వెళ్తున్న ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ దాడి జరిగింది. తన ప్రేమను తిరస్కరించిందన్న కక్షతో ఒక యువకుడు మరో ఇద్దరిని వెంటబెట్టుకుని ఈ ఘాతుకానికి పాల్పడ్డాడని చెప్పి పోలీసులు ముగ్గురిని అరెస్టు చేశారు. మూడు రోజులు కూడా గడవకుండానే, 13వ తేదీ తెల్లవారుజామున ఆ ముగ్గురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆధారాల కోసం తీసుకెళ్తే తమపైనే దాడికి దిగారని, ఆత్మరక్షణ కోసం కాల్చవలసి వచ్చిందని పోలీసులు ప్రకటించారు. ఆ వార్త తెలియగానే ఊళ్లో మిఠాయిలు పంచుకున్నారు, పోలీసు అధికారులకు పూలదండలు వేశారు. ఆ సంబరం సద్దుమణిగిన కొన్ని వారాలకే, ఆసుపత్రిలో ప్రాణాలతో పోరాడుతున్న ఆ ఇద్దరు అమ్మాయిల్లో ఒకరు కన్నుమూశారు.

ఆనాడు సంతోషించిన వారిలో చర్చికి వెళ్లే వాళ్లు లేరని ఎవరూ అనలేరు. ఆ సంతోషాన్ని తేలిగ్గా తప్పుపట్టడం కూడా సరి కాదు. కళ్లముందు పెరిగిన పిల్లలకు అంత అన్యాయం జరిగితే రక్తం ఉడకని వాడు మనిషే కాదు! కాదన్నందుకు ఒక అమ్మాయి ముఖాన్ని కాల్చాలనుకునే దుర్మార్గమూ, ఆ దుర్మార్గాన్ని చూసి ఊరికి వచ్చే ఆగ్రహమూ ఒకటి కావు. ఒకటి నేరం, రెండోది నేరం పట్ల అసహ్యం. అయినా ఆ రెండింటి అడుగునా ప్రవహించేది మాత్రం ఒకే దాహం: నన్ను బాధపెట్టిన వాడు బాధపడాలి! ఈ దాహం మనిషిలోకి ఎక్కడినుంచి వచ్చింది? దీన్ని దేవుడేం చేయమన్నాడు? ఇవి వరంగల్ విశ్వాసులే కాదు, ప్రతి విశ్వాసీ వేసుకోవలసిన ప్రశ్నలు.

పగ పాముది కాదు, మనిషిది

మన భాషలో తీరని కక్షను ‘పాము పగ’ అంటాం. పాపం, పాముకు పగ లేదు! తొక్కితే కాటేస్తుంది, తప్పించుకుని వెళ్లిపోతుంది. ఫలానా వాడు నన్ను కొట్టాడని ముఖం గుర్తుపెట్టుకుని, ఏళ్ల తరబడి కాచుకుని కూర్చునే శక్తి దానికి లేదు. పగ పట్టాలంటే జ్ఞాపకం కావాలి, ముఖాలు గుర్తుండాలి, ఎవరు ఎవరికి ఏం చేశారన్న లెక్క తెలియాలి. ఆ లెక్క కలిసి బతికే జీవుల్లోనే కనిపిస్తుంది.

జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో పరిశోధకులు చింపాంజీలపై చేసిన ఒక ప్రయోగాన్ని 2007లో ప్రచురించారు. తాడు లాగితే ఎదుటి చింపాంజీ ముందున్న తిండి బల్ల కూలిపోయే ఏర్పాటు చేశారు. తన తిండిని మరో చింపాంజీ లాక్కుని తింటుంటే, తిండి పోగొట్టుకున్న చింపాంజీ తరచూ తాడు లాగి ఆ బల్లను కూల్చేసింది. దానివల్ల తనకు ఒక్క ముక్కా దక్కదు, అయినా ఎదుటిదానికీ దక్కకుండా చేసింది! అదే తిండిని మనిషి తీసి ఎదుటి చింపాంజీకి ఇచ్చినప్పుడు మాత్రం అది అంతగా కక్ష చూపలేదు. దొంగిలించిన వాడెవడో, అయాచితంగా పొందిన వాడెవడో దానికి తేడా తెలుసన్నమాట.

ఇలాంటి గుణం ఎందుకు స్థిరపడిందో జీవశాస్త్రవేత్తలు వివరిస్తారు. పోలీసు లేని, కోర్టు లేని కాలంలో చిన్న చిన్న గుంపులుగా బతికిన వారికి ఒకటే రక్షణ. వీడి జోలికెళ్తే వదలడన్న పేరు! కొట్టినా తిరగబడని వాడి పొలం, పశువు, కుటుంబం ఏదీ నిలవదు. అందువల్ల తిరిగి కొట్టే స్వభావం ఉన్నవారే ఎక్కువగా నిలబడ్డారని, ఆ స్వభావమే తరతరాలుగా మనదాకా వచ్చిందని వాళ్లంటారు. నలుగురిలో అవమానం జరిగితే పగ రెట్టింపయ్యేది కూడా అందుకే. అక్కడ పోయేది వస్తువు కాదు, ఆ పేరు!

జీవపరిణామ సిద్ధాంతాన్ని ఎంతవరకు ఒప్పుకోవాలన్న విషయంలో విశ్వాసులందరిదీ ఒకే మాట కాదు. ఆ చర్చను పక్కనపెడితే, శాస్త్రం చెబుతున్న ఒక్క సంగతిలో మాత్రం ఆదికాండముతో ఎవరికీ పేచీ లేదు. పగ మనకు కొత్తగా ఎవరో నేర్పింది కాదు, మొదటి ఇంటినుంచే మన వెంట ఉంది! తన అర్పణను కాదన్నందుకు కయీను ముఖం చిన్నబోయింది. తనను తిరస్కరించిన దేవునిమీద చెయ్యి ఎత్తలేక, పక్కనున్న తమ్ముడిమీద ఎత్తాడు (ఆదికాండము 4). తిరస్కారం తట్టుకోలేక ఒక నిండు జీవితాన్ని నాశనం చేసిన మొదటి యువకుడు కయీనే. పాపం వాకిట్లో పొంచి ఉంది, దాన్ని నువ్వు ఏలాలి అని దేవుడు అతన్ని ముందే హెచ్చరించాడు. అంటే కోపం పుట్టడమే నేరమని దేవుడనలేదు. దాని చేతికి పగ్గాలు ఇవ్వొద్దన్నాడు!

లెక్క తప్పే త్రాసు

అయితే తిరిగి కొట్టడంలో న్యాయముంది కదా, వాడెంత కొట్టాడో అంతే కొడితే లెక్క సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఇక్కడే అసలు చిక్కుంది. 2003లో లండన్ శాస్త్రవేత్తలు ఒక చిన్న ప్రయోగం చేశారు. ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒక పరికరంతో ఒకరి వేలిమీద ఒకరు నొక్కమన్నారు. అవతలివాడు ఎంత బలంతో నొక్కాడో సరిగ్గా అంతే బలంతో తిరిగి నొక్కాలి, ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. ఇద్దరూ నిజాయితీగానే ప్రయత్నించారు. అయినా ఒక్కో వంతుకు బలం సగటున 38 శాతం చొప్పున పెరుగుతూ పోయింది! మన చెయ్యి కలిగించే ఒత్తిడిని మన మెదడు తగ్గించి లెక్కేసుకుంటుంది, బయటినుంచి వచ్చిన ఒత్తిడిని మాత్రం పూర్తిగా లెక్కేస్తుంది. అందువల్ల ఇద్దరూ ‘నేను అంతే నొక్కాను, వాడే ఎక్కువ నొక్కాడు’ అని ప్రమాణం చేసి మరీ చెప్పగలరు, ఇద్దరూ అబద్ధమాడడం లేదు!

పగలో అందరూ న్యాయవంతులమనుకుంటూనే ఊళ్లు తగలబెట్టుకోవడం ఇలాగే జరుగుతుంది. ఒకే వంశం వాళ్లు కోడిపందెంలో మాటామాటా పెంచుకుని చివరికి కారెంపూడి యుద్ధభూమిదాకా వెళ్లిన పల్నాటి కథ తెలుగువారందరికీ తెలుసు. రాయలసీమ పల్లెల్లో ఫ్యాక్షన్ కక్షలు తండ్రినుంచి కొడుక్కి ఆస్తిలా సంక్రమించిన రోజులు కూడా తెలుసు. అక్కడ ఏ ఇంటిని అడిగినా ‘మొదలుపెట్టింది వాళ్లే’ అన్న జవాబే వచ్చేది. కయీను సంతతిలో లెమెకు చేసింది కూడా ఇదే కదా! తనను గాయపరచిన వాడిని చంపేశానని భార్యల ముందు గొప్పగా చెప్పుకున్నాడు. కయీనును చంపిన వాడికి ఏడంతల శిక్ష అని దేవుడంటే, లెమెకు తనకు డెబ్బై ఏడంతలు కావాలన్నాడు (ఆదికాండము 4:23, 24). గాయానికి హత్య, ఏడుకు డెబ్బై ఏడు! మనిషి చేతిలోని త్రాసు ఎప్పుడూ ఇలాగే తూస్తుంది.

అందుకే దేవుడు మోషే ధర్మశాస్త్రంలో కంటికి కన్ను, పంటికి పన్ను అన్న నియమం పెట్టాడు (నిర్గమకాండము 21:24). చాలామంది దీన్ని పగ తీర్చుకోవడానికిచ్చిన అనుమతిపత్రం అనుకుంటారు. నిజానికి ఇది పగకు వేసిన కట్ట! కంటికి ప్రాణం తీయకూడదు, ఒక పంటికి దవడ పగలగొట్టకూడదు అన్న హద్దు అది. బబులోను రాజు హమ్మురాబి కాలంలోనూ, అంటే క్రీస్తుకు పూర్వం 1750 ప్రాంతంలో, ఇలాంటి చట్టముంది. కాని అందులో గొప్పవాడి కంటికి కన్ను పెట్టాలి, సామాన్యుడి కంటికైతే కొంత వెండి చెల్లిస్తే చాలు. దేవుడు మాత్రం పరదేశికీ స్వదేశికీ ఒకే తీర్పు ఉండాలన్నాడు (లేవీయకాండము 24:22), దాసుడి కన్ను పోగొట్టిన యజమాని ఆ దాసుణ్ణి విడిచిపెట్టాలన్నాడు (నిర్గమకాండము 21:26). అదీ తేడా!

పగ తీరింది, తామారుకేం మిగిలింది?

పగ తీరితే మనసు చల్లబడుతుందని లోకమంతా నమ్ముతుంది. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో 2004లో జరిగిన ఒక పరిశోధన ఆ నమ్మకానికి కారణం చూపింది. ఆటలో తమను మోసం చేసిన వాడికి శిక్ష వేస్తున్నప్పుడు మనుషుల మెదళ్లను పరికరాలతో పరిశీలిస్తే, ఏదైనా బహుమతి అందుకోబోతున్నప్పుడు చురుకయ్యే భాగమే అప్పుడూ చురుకైంది! ఆ శిక్ష వేయడానికి తమ చేతి డబ్బు పోగొట్టుకోవలసి వచ్చినా కొందరు వెనుదీయలేదు. పగ తియ్యగా ఉంటుందన్న మాట ఉత్తిది కాదన్నమాట.

కాని ఆ తీపి ఎంతసేపు? 2008లో అమెరికా మనస్తత్వవేత్తలు కార్ల్‌స్మిత్, విల్సన్, గిల్బర్ట్ ముగ్గురూ కలిసి ఇదే తేల్చాలనుకున్నారు. మోసపోయిన వారిలో కొందరికి మోసగాణ్ణి శిక్షించే అవకాశం ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. శిక్షిస్తే హాయిగా ఉంటుందనే అందరూ ముందుగా ఊహించారు. జరిగింది మాత్రం తలకిందులు. శిక్షించిన వారే ఎక్కువ చికాకుగా కనిపించారు! కారణం కూడా తెలిసింది. శిక్షించే వీలు లేనివాళ్లు ఆ సంగతిని అంతటితో వదిలేసి ముందుకు సాగారు, శిక్షించిన వాళ్లు మాత్రం ఆ మోసగాణ్ణే తలుచుకుంటూ కూర్చున్నారు. పుండును గోకితే హాయిగానే ఉంటుంది, కానీ పుండు మానదు!

దావీదు ఇంట్లో ఈ సత్యం రక్తాక్షరాలతో రాసి ఉంది (2 సమూయేలు 13). దావీదు కుమారుడు అమ్నోను తన సవతి చెల్లెలు తామారును మోసంతో గదిలోకి రప్పించి బలాత్కరించి, ఆ తర్వాత బయటికి గెంటించాడు. సంగతి తెలిసి దావీదు చాలా కోపగించుకున్నాడు, అంతే, చేసిందేమీ లేదు! రాజు, న్యాయాధిపతి, తండ్రి మూడూ తానే అయిన మనిషి చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. తామారు సొంత అన్న అబ్షాలోము మంచీ చెడూ మాట్లాడకుండా రెండు నిండు సంవత్సరాలు కాచుకున్నాడు. గొర్రెల బొచ్చు కత్తిరించే వేడుకకు అన్నదమ్ములందరినీ పిలిచి, ద్రాక్షారసం మత్తులో ఉన్న అమ్నోనును చంపించాడు. పగ తీరింది! మరి తామారుకేం మిగిలింది? ఆమె అన్న ఇంట్లో చెరపబడిన బతుకుతో ఉండిపోయిందన్న మాట దగ్గరే ఆమె కథ ఆగిపోయింది. అమ్నోను చచ్చిన తర్వాత ఆమెకు ఊరట కలిగిందని బైబిల్ ఎక్కడా చెప్పలేదు. అబ్షాలోము మాత్రం రుచి మరిగాడు. చివరికి కన్నతండ్రిమీదే కత్తి దూసి, సింధూర వృక్షానికి వేలాడి చచ్చాడు.

ఇక్కడ రెండు పాఠాలున్నాయి. న్యాయం చేయవలసిన వాడు చేతులు ముడుచుకుంటే ఆ ఖాళీలోకి పగ వచ్చి కూర్చుంటుంది. ఆ పగ కొట్టాల్సిన వాణ్ణి కొట్టినా, గాయపడిన దానికి మాత్రం కట్టు కట్టదు! 2008 డిసెంబరులో మన ఊరికీ ఈ పాఠం ఎదురైంది. ముగ్గురు నిందితుల ప్రాణాలు పోయాయి, కేసు కోర్టు గడప ఎక్కనే లేదు. ఏం జరిగింది, ఎవరి పాత్ర ఎంత, ఎవరెవరు ఎక్కడ నిర్లక్ష్యం చేశారు అన్నవి సాక్ష్యాలతో తేలే దారి మూసుకుపోయింది. దండలు వాడిపోయాక మిగిలింది ఆ రెండు కుటుంబాల కన్నీరే. అమ్మాయిల వెంటపడే వాళ్లకు భయం పట్టుకుందని ఆనాడు అందరం అనుకున్నాం. కాని ఆ తర్వాత కూడా తెలుగునాట యాసిడ్ సీసాలు, కత్తులు ఆగలేదన్నది పత్రికలు చదివే వారందరికీ తెలిసిన చేదు నిజం.

దీనా ఊరు షెకెము

ఈ విషయంలో దేవుడు చేసిన ఒక ఆశ్చర్యకార్యం బైబిల్‌లో మూడు నాలుగు చోట్ల విడివిడిగా ఉంది. కలిపి చదివితేనే కనిపిస్తుంది. యాకోబు కూతురు దీనాను షెకెము అనే ఊరి అధిపతి కొడుకు చెరిచాడు. ఆ తర్వాత పెళ్లి చేసుకుంటానని అడిగాడు. దీనా అన్నలు షిమ్యోను, లేవి ఒప్పుకున్నట్టే నటించి, ఊళ్లో మగవాళ్లందరూ సున్నతి చేయించుకోవాలని షరతు పెట్టారు. మూడో రోజున వాళ్లు నొప్పులతో లేవలేక పడి ఉండగా, ఇద్దరూ కత్తులు పట్టుకుని ఊరిమీద పడి మగవాడన్న వాణ్ణి మిగల్చకుండా నరికేశారు. ఊరిని దోచుకున్నారు, అక్కడి స్త్రీలను, పిల్లలను చెరపట్టుకొచ్చారు (ఆదికాండము 34). ఒక్క చెల్లెలికి జరిగిన అన్యాయానికి ఒక ఊరు ఊరంతా! ఒక్క దీనా కోసం బయల్దేరిన వాళ్లు ఎంతమంది దీనాలను తయారుచేసి వచ్చారు? అంత రక్తం ప్రవహించిన ఆ అధ్యాయంలో దీనా నోటినుంచి వచ్చిన మాట ఒక్కటి కూడా లేదు. ఆమెకేం కావాలో ఎవరూ అడగలేదు!

యాకోబు చావు పడకమీద ఉన్నప్పుడు కూడా ఆ సంగతి మరచిపోలేదు. వాళ్ల కోపం చాలా తీవ్రమైనదని శపించి, వాళ్లను ఇశ్రాయేలులో చెదరగొడతానన్నాడు (ఆదికాండము 49:5-7). అన్నట్టే లేవి గోత్రానికి కనానులో ప్రత్యేకంగా భూమి దక్కలేదు, 48 ఊళ్లలోకి చెదిరిపోయారు. ఆ 48లో ఆరింటిని దేవుడు ఆశ్రయపురాలుగా నియమించాడు (సంఖ్యాకాండము 35:6). తెలియక ఎవరినైనా చంపిన మనిషి, ప్రతిహత్య చేయడానికి తరుముకొచ్చే బంధువు చేతికి చిక్కకుండా పరుగెత్తి తలదాచుకునే చోట్లవి. యొర్దానుకు పడమట ఏర్పాటైన మూడు ఆశ్రయపురాలు కెదెషు, హెబ్రోను, ఆ రెంటికీ నడుమ షెకెము (యెహోషువ 20:7)! షిమ్యోను, లేవి పగతో రక్తం పారించిన అదే షెకెము! ఆ ఊరికి కాపలాదారులుగా దేవుడు పెట్టిందెవరిని? లేవీయులను (యెహోషువ 21:20, 21)! ఏ చేతులు అక్కడ కత్తి పట్టాయో ఆ చేతుల సంతానానికే, పగనుంచి పారిపోయి వచ్చే వాడికి తలుపు తెరిచే పని అప్పగించాడు. పగ రగిలిన ఊరినే పగ ఆగిపోయే ఊరుగా మార్చాడు. మన దేవుడు ఇలాంటివాడు!

ఆశ్రయపురం అంటే నేరస్తులకు అడ్డా అని ఎవరూ అనుకోనక్కరలేదు. కావాలని, కక్షతో చంపినవాడికి అక్కడ చోటు లేదు. వచ్చినవాడు సమాజం ఎదుట విచారణకు నిలబడి తీరాలి. ఒక్క సాక్షి మాటమీద ఎవరికీ మరణశిక్ష వేయకూడదు. హంతకుడి దగ్గర డబ్బు తీసుకుని వదిలేయకూడదు. ఇవన్నీ సంఖ్యాకాండము 35లోనే ఉన్నాయి. అంటే బలిసినవాడు డబ్బుతో తప్పించుకోకూడదు, బలహీనుడు ఆవేశానికి బలి కాకూడదు. తరిమేవాడి గుండె మండుతూ ఉంటుందని, దారి దూరమైతే పట్టుకుని చంపేస్తాడని దేవునికి తెలుసు కనుకనే, ఆ ఊళ్లకు దారులు సిద్ధం చేసి ఉంచమన్నాడు (ద్వితీయోపదేశకాండము 19:3, 6). మండే గుండెకు కావలసింది కొంత దూరం, కొంత సమయం, మధ్యలో తీర్పు చెప్పే ఒక మూడో మనిషి. నేటి మనస్తత్వశాస్త్రం చెప్పేది కూడా ఇంతకన్నా ఎక్కువేమీ లేదు.

మనకా మూడో మనిషి న్యాయస్థానం. 2019 జూన్‌లో హన్మకొండలో తల్లి పక్కన నిద్రపోతున్న తొమ్మిది నెలల పసికందును ఎత్తుకెళ్లి చంపిన ఘోరం జరిగినప్పుడు కూడా ఊరు కుతకుత ఉడికింది. అప్పుడు కేసు కోర్టుకు వెళ్లింది. రెండు నెలలు తిరగకుండానే, ఆగస్టు 8న వరంగల్ న్యాయస్థానం నేరస్తుడికి మరణశిక్ష విధించింది, నవంబరులో హైకోర్టు దాన్ని తుదిశ్వాసదాకా జైలుశిక్షగా మార్చింది. అదే ఏడాది డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర, పశువైద్యురాలి హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు, మళ్లీ పూలు చల్లారు. దానిపై సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్, పోలీసులు చెప్పిన కథనాన్ని నమ్మలేమని తన నివేదికలో తేల్చింది. అది 2022 మేలో బయటికొచ్చింది. ఒకే ఏడాది, మన రాష్ట్రంలోనే, రెండు దారులూ మనకు కనిపించాయి. వేగంగా న్యాయం కావాలంటే తుపాకీ ఒక్కటే మార్గమన్న మాట నిజం కాదని మన ఊరి కోర్టే చూపించింది! యాసిడ్ దాడులకు కూడా 2013లో చట్టం ప్రత్యేక సెక్షన్ పెట్టింది, కనీసం పదేళ్ల జైలు, అవసరమైతే యావజ్జీవం. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 124వ సెక్షన్. అధికారులు దేవుని పరిచారకులని, కీడు చేసేవాడికి వాళ్లు భయకారణంగా ఉండాలని పౌలు అన్నది ఈ అర్థంలోనే (రోమా 13:3, 4). పగ తీర్చే పని దేవునికి వదలమని దానికి ముందు అధ్యాయంలోనే చెప్పిన పౌలు (రోమా 12:19), ఊరికే ఓర్చుకోమని చెప్పలేదు. ఆ పనిని నీ చేతిలోనుంచి తీసి, తీర్పు తీర్చే అధికారమున్న చేతిలో పెట్టమన్నాడు.

యాకోబు బావి దగ్గర

ఆశ్రయపురంలో దాగిన మనిషి ఇంటికి తిరిగి వెళ్లేదెప్పుడు? ప్రధానయాజకుడు మరణించినప్పుడు (సంఖ్యాకాండము 35:25, 28)! ఆ మరణంతో పగవాడి హక్కు ముగిసిపోతుంది. ఇక అతన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. మన ప్రధానయాజకుడైన యేసుక్రీస్తు సిలువమీద మరణించాడు. తనకు మేకులు కొట్టిన వాళ్లకోసం తండ్రిని క్షమాపణ అడుగుతూ మరణించాడు (లూకా 23:34). మనమంతా ఆశ్రయం కోరి పరుగెత్తి వచ్చినవాళ్లమే అని హెబ్రీ పత్రిక గుర్తుచేస్తుంది (6:18). క్షమించాల్సింది ఏడుసార్లా అని పేతురు అడిగితే, డెబ్బై ఏళ్ల మారులు అన్నాడు ప్రభువు (మత్తయి 18:22). లెమెకు లెక్కను ప్రభువు తిరగరాశాడు. పగకు అతడు వాడిన అంకెనే క్షమాపణకు వాడాడు! ఆ షెకెము పొరుగునే సుఖారు ఉంది. యాకోబు బావి గట్టుమీద కూర్చుని ప్రభువు ఒక సమరయ స్త్రీతో మాట్లాడింది అక్కడే (యోహాను 4). దీనాను ఒక్కమాట కూడా మాట్లాడనివ్వని ఆ ప్రాంతంలో, ఒక స్త్రీ చెప్పింది ఓపిగ్గా విన్నాడు, ఆమె మాటవల్ల ఊరివాళ్లు అనేకులు విశ్వసించారు!

క్షమాపణ కూడా మన స్వభావానికి పూర్తిగా పరాయిది కాదని శాస్త్రం చెప్పడం సంతోషం. నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్ జంతుప్రదర్శనశాలలో చింపాంజీలను ఏళ్లతరబడి గమనించిన ఫ్రాన్స్ డివాల్, కొట్లాడుకున్న కాసేపటికే అవి ఒకదాన్నొకటి కౌగిలించుకుని ముద్దు పెట్టుకోవడాన్ని 1979లోనే లోకానికి తెలిపాడు. పగతోపాటు రాజీపడే గుణం కూడా మనిషిలో ఉందని మనస్తత్వవేత్త మైకేల్ మెక్‌కల్లో 2008లో ఒక పుస్తకమే రాశాడు. అయితే క్షమాపణ ఎప్పుడు పుడుతుంది? ఎదుటివాడితో బంధం విలువైనదని తోచినప్పుడు, వాడు మళ్లీ కీడు చేయడన్న భద్రత కలిగినప్పుడు అంటాడాయన. సంఘ పెద్దలు, కాపరులు ఈ మాటను జాగ్రత్తగా వినాలి. భర్త కొడుతున్నాడని, ఎవడో వెంటపడి బెదిరిస్తున్నాడని ఒక చెల్లెలు వచ్చి ఏడిస్తే, ‘క్షమించమ్మా, ప్రార్థన చేసుకో’ అని పంపేయడం క్షమాపణ బోధించడం కాదు. అది దావీదు చేసిన పనే! ముందు ఆమెకు భద్రత కల్పించాలి. 181 నంబరుకు ఫోన్ చేయించాలి, సఖి కేంద్రానికి, అవసరమైతే పోలీస్ స్టేషన్‌కు తోడు వెళ్లాలి, ఆమె చెప్పేది నమ్మాలి. ఆశ్రయం దొరికాకే గాయం మానడం మొదలవుతుంది, గాయం మానుతుంటేనే క్షమాపణ నోటినుంచి కాక గుండెలోనుంచి వస్తుంది.

క్షమించినంత మాత్రాన న్యాయం ఆగిపోనక్కరలేదు కూడా. 1999 జనవరి 22 అర్ధరాత్రి దాటాక ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో, జీపులో నిద్రపోతున్న గ్రాహం స్టెయిన్స్‌ను, పదేళ్ల ఫిలిప్‌ను, ఆరేళ్ల తిమోతిని సజీవంగా తగలబెట్టారు. భర్తనూ ఇద్దరు కొడుకులనూ ఒకే రాత్రి పోగొట్టుకున్న గ్లాడిస్ స్టెయిన్స్, హంతకులను క్షమించానని చెప్పి, బారిపదలో కుష్ఠురోగుల సేవలోనే మరో అయిదేళ్లు కొనసాగింది. కేసు ఆగిందా? లేదు. కోర్టుల్లో నడిచి, ప్రధాన నిందితుడి యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. చట్టం పని చట్టం చేసింది, సిలువ పని ఆమె గుండెలో సిలువ చేసింది. రెండూ ఒకదానికొకటి అడ్డం రాలేదు!

ఇంత పెద్ద పగలు మనకు లేకపోవచ్చు. కానీ గట్టు తగాదాతో పదేళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు ఏ సంఘంలో లేరు? కమిటీ ఎన్నికల్లో ఓడిపోయినందుకు వేరు కుంపటి పెట్టినవాళ్లు, చర్చి ఆస్తికోసం కోర్టు మెట్లెక్కి ఒకే బల్ల దగ్గర ముఖాలు తిప్పుకుని ప్రభురాత్రి భోజనం తీసుకునేవాళ్లు మనమధ్య లేరా? అందరిదీ ఒకే మాట, ‘మొదలుపెట్టింది వాళ్లే, నేను అంతే నొక్కాను’! పేరుకు మాత్రమే ఆశ్రయపురమైతే ఏమవుతుందో హెబ్రోను చెబుతుంది. తన తమ్ముణ్ణి యుద్ధంలో చంపిన అబ్నేరును, మాట్లాడాలని పక్కకు పిలిచి యోవాబు పొడిచి చంపింది ఆ ఆశ్రయపురం గుమ్మంలోనే (2 సమూయేలు 3:27)! బోర్డుమీద చర్చి అని రాసుకున్నంత మాత్రాన పగ గుమ్మం బయటే ఆగిపోదు. లోపలున్నవాళ్లు దాన్ని ఆపాలి.

ఇంట్లో మగపిల్లలున్న తల్లిదండ్రులకు మరొక మాట. ‘వద్దు’ అన్న జవాబును తలవంచుకుని తీసుకోవడం చిన్నప్పటినుంచే నేర్పాలి. అడిగిందల్లా ఇచ్చి పెంచిన బిడ్డకు, ఒక అమ్మాయి కాదంటే అది ఆమె హక్కు అని కాక తనకు అవమానమని తోస్తుంది. ముఖం చిన్నబోయిన కయీనుతో దేవుడు ముందుగానే కూర్చుని మాట్లాడాడు. ముఖం ముడుచుకుని తిరిగే కొడుకుతో కూర్చుని మాట్లాడే తండ్రులు మన సంఘాల్లో ఎంతమంది?

పగ మన రక్తంలో ఉంటే ఉండనీయండి, లేవి రక్తంలోనూ ఉంది! దేవుడు ఆ చేతులనుంచి కత్తి తీసుకుని ఆశ్రయపురం తాళపుచెవులు ఇచ్చాడు. మన చేతికి కూడా ఆయన ఇవ్వజూపుతున్నది ఆ తాళపుచెవులే. కత్తి వదిలిన చేతిలోనే అవి పడతాయి.